సిలువ రాయి లేపే రోజు

ఫాదర్ లావెల్ ఇంటి మెట్లు దిగి, చేసి వచ్చిన పనికి లోలోపల సంతోషపడుతూ నేను ఇంటిదారి పట్టడం దగ్గర పోయినవారం ఆపాను. ఆ సంతోషం ఎందుకో కొత్తగా చదివేవాళ్ళకు చెప్పాలి.

మా క్లూనా ఊరి పాతదారి నా బావమరిది కోల్మన్ పొలంలోంచి పోతుంది. ఆ దారి పక్కన ఒకప్పుడు రాతి సిలువ ఉండేది. ఏ కాలానిదో ఎవరికీ తెలియదు. ఇంగ్లండ్ నుంచి దండెత్తి వచ్చిన క్రామ్‌వెల్ సైనికులు విరగ్గొట్టారని మా తాతలు చెప్పేవారు. ఇప్పుడు మిగిలింది మంచమంత రాతి పలక, దాని తలవైపు గుంటలో బిగించిన మోకాలెత్తు మొండి. ఊళ్ళో ఎవరు పోయినా శవపేటికను ఆ దారినే మోసుకొచ్చి, ఆ పలక మీద దించి, జపం చెప్పి, మోసేవాళ్ళు మారాక మళ్ళీ ఎత్తుతారు. ఎందుకని ఎవరూ అడగరు. తాతలు చేశారు, మేమూ చేస్తాం.

నా భార్య నోనీ పోయిన రోజున, ఆమె సొంత తమ్ముడు కోల్మన్ ఆ పొలం గేటుకు గొలుసు చుట్టి, అడ్డంగా బండి నిలబెట్టాడు. ఎందుకని అడిగితే నేల చూశాడు. అక్క శవాన్ని తారురోడ్డున, దగ్గరిదారిన పంపించాడు. మా వైపు శవాన్ని దగ్గరిదారిన తీసుకుపోరు. వదిలించుకునే తొందరలో ఉన్నవాళ్ళు చేసే పని అది. ఆమె తరవాత పోయినవాళ్ళెవరికీ అతను ఆ గేటు మూయలేదు. నోనీ ఒక్కదానికే మూశాడు.

ఆరేళ్ళుగా అతనితో నాకు మాటల్లేవు. ఈ ఏడు మరియమాత సంవత్సరం. ఐర్లాండ్‌లో ఊరూరా గుహలు కట్టి మాత విగ్రహాలు నిలబెడుతున్నారు. మా ఫాదర్ లావెల్ కూడా గుడి ముందు గుహ కట్టిస్తున్నాడు. నేను వెళ్ళి, పవిత్రమైన పాత రాయి ఒకటి కోల్మన్ పొలంలో ఆవులు ఒళ్ళు రుద్దుకోవడానికి పనికొస్తోందనీ, మాతను దాని మీద నిలబెడితే శోభగా ఉంటుందనీ చెప్పాను. ఆయన మొహం వెలిగింది. ఆదివారం పూజలో ప్రకటించేశాడు. గుళ్ళో ఒక్కరూ నోరెత్తలేదు. అందరికీ ఇష్టమేననుకున్నాను.

నేను భక్తితో చేసిన పని కాదది. నోనీని దించని రాయి మీద ఇంకెవర్నీ దించకూడదు. అంతే.

రాయి లేపే రోజు వచ్చింది.

*

ఫాదర్ నా గుర్రాన్ని తెమ్మన్నాడు, గొలుసు కట్టి రాయి లాగడానికి. పొద్దున్నే దాని మెడకు పట్టీ వేసి గుంజకు కట్టి, లోపలికొచ్చి సోడారొట్టె కోసుకుంటున్నాను. బయట సన్నగా జల్లు పడుతోంది. సగం తలుపు మీద నీడ పడింది.

"ఈ ఇంట్లో అందర్నీ దేవుడు చల్లగా చూడాలి" అన్నాడు కోల్మన్.

మా వైపు ఏ గుమ్మంలోనైనా అనే మాటే అది. కానీ ఈ ఇంట్లో అందరూ అంటే నేనొక్కణ్ణే.

"అందరూ బాగానే ఉన్నారు. కోళ్ళు బయటికెళ్ళాయి" అన్నాను.

అతను తలుపు తోసుకుని వచ్చాడు. టోపీ అంచు నుంచి నీళ్ళు కారుతున్నాయి. గడ్డం గీసుకోలేదు. చిన్నప్పుడు నోనీ వెనకాలే తోకలా తిరిగేవాడు. ఇప్పుడు దూలానికి తల తగిలేంత మనిషి. ఆరేళ్ళలో మొదటిసారి నా ఇంట్లో నిలబడ్డాడు.

పొయ్యి మీద కొక్కేనికి వేలాడుతున్న కెటిల్ మరుగుతోంది. మా వైపు గుమ్మం తొక్కినవాడికి టీ ఇవ్వకుండా పంపరు. శత్రువుకైతే ఇంకా ముందు ఇస్తారు. నేను కెటిల్‌ను కొక్కెం మీంచి తీసి బూడిద పక్కన పెట్టాను. అతను చూశాడు. అతను చూడాలనే చేశాను.

వెంటనే విషయానికి రాలేదు. జల్లు గురించి మాట్లాడాడు. కోసిన గడ్డి ఆరడం లేదన్నాడు. నా గుర్రం ముందుకాలు ఈడుస్తోందా అని అడిగాడు. ఈడ్చడం లేదన్నాను. తల్లికి ఒంట్లో బాగాలేదని, మంచం దిగడం లేదని చెప్పాడు. ముసలావిడ సబీనా నోనీకీ తల్లే. నేను పలకరించడానికి వెళ్ళలేదు. వెళ్ళనని అతనికీ తెలుసు.

చివరికి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"బావా, ఆ రాయి కదపొద్దని ఫాదర్‌కి చెప్పు. నువ్వు చెబితే వింటాడు."

"పొలం నీది. నువ్వే చెప్పు."

"చెప్పా. నిన్న రెండుసార్లు వెళ్ళా. మాత పనికి అడ్డం రావద్దన్నాడు. అంతగా వద్దంటే కారణం చెప్పమన్నాడు."

"చెప్పకపోయావా."

"చెప్పలేను."

"గేటు ఎందుకు మూశావో చెప్పలేవు. రాయి ఎందుకు కదపకూడదో చెప్పలేవు. దేవుడు నీకు నోరిచ్చింది ఒట్టి తిండికేనా కోల్మన్?"

అతను ఆ మాటకు కోపం తెచ్చుకోలేదు. తెచ్చుకుంటే నాకు బాగుండేది. గేటు పీకేసి పొయ్యిలో పెడతానన్నాడు. కావాలంటే గుడి ముందు, పూజకొచ్చిన వాళ్ళందరి ఎదుటా, నా కాళ్ళ దగ్గర మోకాళ్ళేస్తానన్నాడు. ఆ మాట ఆరేళ్ళ కిందట అని ఉంటే నేనేం చేసేవాణ్ణో తెలియదు. ఇప్పుడు రొట్టె కోసుకుంటూ, రాయి దగ్గర మేస్త్రీ సైమన్ ఎదురుచూస్తుంటాడు, నాకు పొద్దుపోతోంది అన్నాను.

కూర్చోమనకుండానే పొయ్యి పక్క పీట మీద కూర్చున్నాడు.

"అక్కే మూయమంది బావా."

"ఏంటి?"

"గేటు. అక్కే మూయమంది. పోవడానికి వారం ముందు, నువ్వు సంతకెళ్ళిన రోజున. నా చేత ఒట్టేయించుకుంది."

చచ్చినవాళ్ళ మీదకు తోసెయ్యడం తేలిక, వాళ్ళు లేచి కాదనరు అన్నాను. అతను తల ఊపాడు. అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదన్నాడు. చెప్పినా నమ్మవన్నాడు. ఆ తరవాత మొదలుపెట్టి ఆపకుండా చెప్పాడు, పొయ్యివైపు చూస్తూ. నేను రొట్టె కోస్తూనే విన్నాను.

అతను చెప్పింది ఇది.

మా పెళ్ళయిన మూడో ఏడు నేను మా వైపు మగవాళ్ళందరిలాగే దుంపలు తవ్వడానికి ఇంగ్లండ్ వెళ్ళాను. నోనీకి అప్పుడు నెలలు నిండుతున్నాయి. నేను తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. ఆడపిల్ల పుట్టిందనీ, కాసేపు ఊపిరి తీసిందనీ, మంత్రసాని వెంటనే తల మీద నీళ్ళు పోసి జ్ఞానస్నానం ఇచ్చిందనీ, ఊనా అని పేరు పెట్టిందనీ నోనీ నాకు చెప్పింది. గుడి ఆవరణలో మా అమ్మ సమాధి కాళ్ళ దగ్గర పూడ్చామంది. నేను అక్కడొక తెల్లరాయి పాతాను. నీళ్ళు పడ్డ పసిబిడ్డ నేరుగా స్వర్గానికి పోతుంది, దానికోసం ప్రార్థించే పనిలేదు. అందుకని నేను దానికే మొక్కుకునేవాణ్ణి. మీ అమ్మను చూసుకో, నన్ను చూసుకో అనేవాణ్ణి. మళ్ళీ మాకు పిల్లలు పుట్టలేదు. నోనీ పోయినప్పుడు ఆమెను ఆ తెల్లరాయి పక్కనే పెట్టాను. తల్లీకూతుళ్ళు ఒకచోట ఉంటారని.

బిడ్డ చచ్చే పుట్టిందన్నాడు కోల్మన్.

చచ్చి పుట్టినదానికి నీళ్ళు పోయకూడదు. పోసినా లాభం లేదు. అలాంటి బిడ్డకు పేరు ఉండదు, గుడి నేలలో చోటు ఉండదు. స్వర్గమూ కాదు, నరకమూ కాదు, మధ్యలో ఎక్కడో ఎప్పటికీ ఉండిపోతుందని మాకు బళ్ళో నేర్పారు. ఇంట్లో మగవాడెవరో ఒకడు పొద్దు వాలాక పెట్టె చంకలో పెట్టుకుని వెళ్ళి ఎక్కడో పూడ్చి రావాలి. ఎక్కడని తల్లికి చెప్పరు. మగవాణ్ణి నేను ఇంట్లో లేను. కోల్మన్ వెళ్ళాడు. అప్పుడు వాడికి ఇంకా మీసాలు రాలేదు.

"వెన్న వచ్చే చెక్కపెట్టె ఉంటుంది చూడు, అందులో పెట్టా. సిలువ దగ్గరికి తీసుకుపోయా. ఇంకెక్కడ పెట్టాలో తోచలా. ఆ చోటు చెప్పకూడదు. కానీ అక్క అడుగుతూనే ఉంది బావా. ఆ ఏడంతా అడిగింది. చెప్పేశా."

నాకు ఒకటి గుర్తొచ్చింది. ఊళ్ళో ఎవరి శవం వెళ్ళినా నోనీ మాతో కలిసి నడిచేది, గేటు దాకా. అందరం పొలంలోకి వెళ్ళి పేటిక దించి జపం చెబుతుంటే తను బయట రోడ్డు మీదే నిలబడేది. మడమ నొప్పనేది. నేను నమ్మాను. ఒకసారి, పుట్టింటి పొలమని అంత గర్వమా అని ఎగతాళి చేశాను కూడా. నవ్వింది.

"ఒట్టేయించుకున్న రోజు నా చెయ్యి పట్టుకుని ఏమందంటే" అని కోల్మన్ ఆగాడు. "'అందర్నీ నా బిడ్డ మీదే దించారు, నన్ను కూడా దించితే నేను ఒప్పుకోను. దాని మీద నా బరువు పడనివ్వకు' అంది. బావకి చెప్పనా అంటే, వద్దంది. 'ఆయన కూతురు స్వర్గంలో ఉందనుకుంటున్నాడు, ఉండనియ్' అంది."

రొట్టె అయిపోయింది. చూసుకుంటే మొత్తం ముక్కలు కోసి పెట్టాను. ఒక్కడి ఇంట్లో అన్ని ముక్కలు.

నేను అడిగింది ఒకటే. ఎంత లోతున ఉంది?

"లోతు లేదు. కింద అంతా రాయి. పలక అంచు కింద గీకి లోపలికి తోశా."

"పలక లేస్తే?"

"లేస్తే పైనే ఉంటుంది."

అతన్ని క్షమించానని ఎవరూ అనుకోవద్దు. క్షమించడానికి ముందు తప్పు ఉండాలి. అతను తప్పు చేయలేదని తేలాక నాకు ఇంకా మండింది. ఆరేళ్ళుగా నాతో ఈ ఇంట్లో ఉన్నది ఆ కోపం ఒక్కటే. పొద్దున లేవడానికీ, గుడికి వెళ్ళి అతనికి వీపు చేసి కూర్చోవడానికీ అదే ఆసరా. దాన్నీ పట్టుకుపోయాడు. ఇక నోనీ. కట్టుకున్నవాణ్ణి పక్కన పెట్టి, తమ్ముడికి చెప్పుకుంది. నాకోసమే అబద్ధమాడిందట. నాకోసమని ఎవరడిగారు? తెల్లరాయి ముందు ఇన్నేళ్ళు మోకాళ్ళేసి నేను మాట్లాడింది ఎవరితో?

"ఇన్నేళ్ళు నోరు మూసుకున్నవాడివి, ఇంకో పూట మూసుకుంటే పోయేది" అన్నాను.

"ఇంకో పూటయితే పెట్టె బయటికొచ్చేది బావా."

టోపీ తీసుకున్నాను.

*

ఇద్దరం కలిసి నడవలేదు. నేను గుర్రం కళ్ళెం పట్టుకుని ముందు, అతను కేకేస్తే వినిపించేంత వెనక. దారంతా ఆలోచిస్తూనే ఉన్నాను, ఫాదర్‌కి ఏం చెప్పాలని. రాయి పగులుతుందని చెప్పొచ్చు. నా గుర్రానికి కాలు నొప్పని చెప్పొచ్చు. ఈ పూట తప్పించుకుంటే రేపు ఇంకో గుర్రం తెస్తారు. పదిహేనో తారీఖు మాత పండగకు బిషప్‌గారు దీవించడానికి వస్తున్నారు. ఆలోపు రాయి గుడి ముందు ఉండి తీరాలి. నిజం ఒక్కటే దాన్ని ఆపుతుంది. నిజం చెబితే ఊరంతటి ముందు నోనీ అబద్ధాలకోరు అవుతుంది, నా కూతురికి పేరు పోతుంది. చెప్పకపోతే సైమన్ గునపానికి ఒక చెక్కపెట్టె తగులుతుంది.

గేటు బార్లా తీసి ఉంది. ఆరేళ్ళ తరవాత ఆ పొలంలో అడుగుపెట్టాను. ఈ మధ్యలో ఎవరి శవంతోనూ నేను నడవలేదు.

పని మొదలుకాలేదు. మేస్త్రీ సైమన్ కొలరన్, అతని మనుషులిద్దరూ గునపాల మీద ఆనుకుని, వానకు భుజాలు ముడుచుకుని నిలబడ్డారు. ఫాదర్ లావెల్ ప్యాంటు అంచుకు సైకిల్ క్లిప్పులతో అటూఇటూ తిరుగుతున్నాడు. కుర్రవాడు, సెమినరీ నుంచి వచ్చి రెండేళ్ళు కాలేదు. గేటు పక్కన కోల్మన్ భార్య డీలియా గాడిదబండి పట్టుకుని ఉంది. పలక మీద, విరిగిన మొండికి వీపు ఆనించి, నల్ల శాలువా కప్పుకుని కూర్చుంది మా అత్త సబీనా. మంచం దిగడం లేదన్న మనిషి.

ఫాదర్ నన్ను చూడగానే ఊపిరి పీల్చుకున్నాడు. ఈ తల్లికి నువ్వైనా చెప్పు మలకీ అన్నాడు. గంట నుంచీ ఇంతేనట. వానలో జబ్బు చేస్తుందని చెప్పాడట, ఆ వయసు దాటిపోయానందట. దేవుడి పని అంటే, నేను కూర్చుంది కూడా దేవుడి రాయి మీదే కదా అందట. లేవమంటే మాత్రం లేవదట.

"నేను లేస్తే మీరు దీన్ని లేపుతారు" అంది సబీనా. "ఏం అల్లుడా, గుర్రాన్ని కూడా తెచ్చావే. గుర్రమైనా సిగ్గుపడుతున్నట్టుంది, తల ఎత్తట్లేదు."

సైమన్ మనుషుల్లో ఒకడు నవ్వి, మళ్ళీ నవ్వలేదు.

నేను గుర్రాన్ని కంచెకు కట్టి వచ్చాను. పలకకు ఒకపక్క ఫాదర్, ఇంకోపక్క నేను. పని ఆపించండి ఫాదర్ అన్నాను. ఆయన కళ్ళు పెద్దవి చేశాడు. ఈ ఆలోచన ఇచ్చిందే నువ్వు కదా అన్నాడు. అవునన్నాను. మరి కారణమేంటన్నాడు. వెనక కోల్మన్ గేటు దగ్గర ఆగిపోయాడని చూడకుండానే తెలిసింది.

"దీని కింద నా కూతురుంది" అన్నాను. "నీళ్ళు పడని బిడ్డ. మా ఆవిడ నాకు వేరేలా చెప్పింది. ఇవాళే తెలిసింది."

ఎవరి ముఖమూ చూడలేదు.

ఫాదర్ మెల్లగా, పుస్తకంలో చదివినట్టు, అలాంటి బిడ్డలకు బాధ ఉండదని చెప్పాడు. దేవుని దర్శనం ఒక్కటే ఉండదన్నాడు. ఇది దీవించిన నేల కాదు గనక ఇక్కడున్నా పక్క గట్టునున్నా వాళ్ళకు ఒకటేనన్నాడు. పెట్టెను సైమన్ మర్యాదగా తీసి పక్కన పెడతాడన్నాడు. ఆ కుర్రవాడు చెడ్డవాడు కాదు. అతనికి భయం వేసింది. బిషప్ భయం ఒకటి, ఇది ఒకటి.

"సైమన్, గునపం పెట్టు" అన్నాడు.

సైమన్ కదల్లేదు. గునపాన్ని గడ్డి మీద పడుకోబెట్టి, తన బూట్లవైపు చూస్తూ నిలబడ్డాడు. అతని మనుషులిద్దరూ కూడా పడుకోబెట్టారు. ఒకడు వెళ్ళి గట్టువైపు తిరిగి నిలబడ్డాడు, ఒంటేలుకు వెళ్ళినట్టు. వెళ్ళలేదు. ఊరికే నిలబడ్డాడు.

"నీ కూతురొక్కతే అనుకుంటున్నావా అల్లుడా" అంది సబీనా.

నేను ఆమె వైపు చూశాను.

"ఆదివారం గుళ్ళో ఒక్కడైనా నోరెత్తాడా? ఎత్తడు. ఎత్తితే ఎందుకని అడుగుతారు. ఎవడికి వాడు, ఇక్కడ ఉన్నది నాదొక్కటే అనుకుంటాడు. మగాళ్ళు. చీకటిపడ్డాక ఒక్కడే వచ్చి, ఒక్కడే వెళ్ళి, ఛస్తే చెప్పడు." శాలువా మోకాళ్ళ మీదకు లాక్కుంది. "శవాన్ని ఇక్కడెందుకు దించుతారో తెలుసా ఫాదరూ? మోసేవాళ్ళు అలిసిపోయి కాదు. ఇక్కడ పిల్లల్ని వదులుకున్న తల్లులు పోయేముందు కాసేపు వాళ్ళ దగ్గర ఉంటారని. ఆ కాసేపే. ఇంకెప్పుడూ ఉండదు గదా మరి, మీ లెక్కన."

ఫాదర్ పలకవైపు చూశాడు.

"ఇది చావబోయే ఆడది కూతురికి చెప్పే మాట. మా అమ్మ పోతూ నాకు చెప్పింది. నేను పోతూ నోనీకి చెప్పాలి." గొంతు మారలేదు. గడ్డి ఆరడం లేదని చెప్పినట్టే చెప్పింది. "అది నాకంటే ముందు పోయింది. ఎవరూ చెప్పలేదు దానికి. బరువనుకుంది."

వెనక గేటు దగ్గర ఏదో చప్పుడైంది. కోల్మన్ గేటు కడ్డీ మీద రెండు చేతులూ వేసి, తల వాటి మధ్య పెట్టుకున్నాడు. ఒట్టు పెట్టి అక్క అడిగింది అతను చేశాడు. ఆ ఒక్క గేటు మూసి అక్కకు దక్కాల్సిన ఆ కాసేపు లేకుండా చేశాడు. ఇద్దరికీ తెలియదు. నాకు అతని మీద జాలి వేయాలి. వేయలేదు. నోనీ తారురోడ్డున వెళ్ళిపోయింది, ఎవరినీ చూడకుండా. అది ఒక్కటే తలలో తిరిగింది.

ఫాదర్ లావెల్ కోటు విప్పి డీలియా చేతికిచ్చాడు. భయం వేసినవాడు ఏదో ఒక పని మొదలుపెడతాడు. సైమన్ పడుకోబెట్టిన గునపం తీసుకుని, పలక అవతలి మూలకు వెళ్ళి, మొనను అంచు కిందకు దూర్చాడు. "అమ్మా, మీరు లేవండి. లేకపోతే మీరుండగానే ఎత్తాల్సి వస్తుంది" అన్నాడు. అతని పెదవులు తెల్లబడ్డాయి.

"ఎత్తండి" అంది సబీనా. "నన్ను కూడా వాళ్ళతోనే ఎత్తండి."

గునపం మీద అతను బరువు వేశాడు. పలక కింద ఏదో చిన్నగా నలిగింది. రాయో, వేరో, చెక్కో.

నేను అటు అడుగు వేశాను.

"ఆగు" అంది సబీనా నాతో. ఈసారి గొంతు మారింది. "ఆ మూల మీంచి కాలు తియ్యి. అక్కడున్నది కోల్మన్ బిడ్డ. పోయినేడు సెప్టెంబరులో."

బండి దగ్గర డీలియా ఫాదర్ కోటును గట్టిగా పట్టుకుని గాడిద చెవుల వైపు చూస్తోంది.

కాలు తీశాను. ఒంటికాలి మీద నిలబడ్డాను. ఫాదర్‌కీ నాకూ మధ్య, పలక పక్కగా, మంచమంత నేల. పచ్చగా, అంతా ఒక్కలాగే గడ్డి. అతను గునపాన్ని ఇంకాస్త లోపలికి తోసి, రెండో సారి బరువు వేయబోతున్నాడు. అతని చెయ్యి పట్టుకోవాలంటే నాలుగడుగులు వేయాలి. ఎక్కడ వేయాలో నాకు తెలియదు.